పట్టి నొక్కాలా, నొక్కి వదలాలా?

తెనాలిలో ఉండే మా బాబాయి ముప్ఫయ్యేళ్లపాటు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తన వ్యాకరణం నోట్సు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటానని అడిగితే, ఆయన ల్యాప్‌టాప్‌లో ఈమాక్స్ అనే ఎడిటర్ పెట్టిచ్చి హైదరాబాదు వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోను. రాసినదాన్ని సేవ్ చేయడం ఎలాగని.

"కంట్రోల్ నొక్కి ఎక్స్ నొక్కండి బాబాయ్. మళ్లీ కంట్రోల్ నొక్కి ఎస్ నొక్కండి. అంతే."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "నొక్కానమ్మా. నేను రాసిన వాక్యం చివర ఎక్స్ ఒకటి, ఎస్ ఒకటి వచ్చి కూర్చున్నాయి" అన్నారు.

"కంట్రోల్ నొక్కారా?"

"నొక్కాను. నొక్కి, వేలు తీసి, ఎక్స్ నొక్కాను. నువ్వు 'నొక్కి' అన్నావు కదా. క్త్వార్థకం. మొదటి పని అయ్యాకే రెండో పని."

ఆయన చేసినదాంట్లో తప్పు లేదు. నేను చెప్పిన తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఆచరించారు. సాఫ్ట్‌వేర్లకు మాన్యువళ్లు రాయడం నా ఉద్యోగం. ఆ 'నొక్కి' అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

"తలుపు తీసి లోపలికి వచ్చాడు" అంటే తీయడం ముందు, రావడం తర్వాత. "గొడుగు పట్టుకుని నడిచాడు" అన్నదీ క్త్వార్థకమే, కానీ నడుస్తున్నంతసేపూ గొడుగు చేతిలోనే ఉంది. ప్రత్యయం ఒకటే; తేడా ధాతువులో ఉంది. తీయడం ముగిసిపోయే పని, పట్టుకోవడం సాగుతూ ఉండే పని. నొక్కడం ఈ రెంటికీ మధ్య ఊగుతుంది. కాలింగ్ బెల్ నొక్కితే వెంటనే వదిలేస్తాం. గాయం మీద దూది నొక్కితే రక్తం ఆగేదాకా వదలం. ఏది ఏ రకం నొక్కుడో సందర్భం చెబుతుంది. మాన్యువల్ తెరిచినవాళ్ల దగ్గర లేనిది ఆ సందర్భమే.

"నొక్కుతూ" అని మారిస్తే కుదురుతుందా? అది వినగానే కంట్రోల్ కీని టపటపా పదిసార్లు నొక్కే వేలు నాకు కనిపిస్తుంది. "రెండూ కలిపి నొక్కండి" అంటే రెండు వేళ్లూ ఒకే క్షణంలో పడాలని మనిషి తంటాలు పడతాడు. ఎక్స్ వెంట్రుకవాసి ముందు పడిందా, అక్షరం తెరమీదికి వచ్చేస్తుంది. మరి అసలు లోపల ఏం జరుగుతోంది? అది తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుందనిపించి, అక్కణ్నుంచి మొదలుపెట్టాను.

యుఎస్‌బి కీబోర్డు కంప్యూటరుకు పంపే కబురు చాలా చిన్నది. అతి మామూలు పద్ధతిలో అది 8 బైట్లు. మొదటి బైటులో 8 బిట్లు, ఒక్కో బిట్టూ ఒక్కో సహాయక కీకి: ఎడమ వైపు కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, విండోస్ గుర్తున్న కీ, కుడి వైపు మళ్లీ అవే నాలుగు. రెండో బైటు ఖాళీ. మిగిలిన ఆరింట్లో ఆ క్షణాన కిందికి దిగి ఉన్న మామూలు కీల నంబర్లు ఉంటాయి. ఎ కీ నంబరు 4, బి 5, అలా లెక్కపెట్టుకుంటూ పోతే ఎక్స్ 27.

సరిగ్గా చేసినవాళ్ల కీబోర్డు నుంచి వెళ్లే కబుర్లు ఇవి: మొదటి బైటులో 1, అంటే కంట్రోల్ దిగింది. తర్వాత 1తోపాటు 27, అంటే కంట్రోల్ దిగి ఉండగా ఎక్స్ దిగింది. తర్వాత ఉత్త 1, ఎక్స్ లేచింది. చివరికి అన్నీ సున్నాలు. మా బాబాయి కీబోర్డు పంపినవి వేరు: 1, సున్నా, 27, సున్నా. కంట్రోల్ వచ్చింది, పోయింది. దాని జ్ఞాపకం ఎక్కడా మిగల్లేదు. ఆ తర్వాత వచ్చిన 27 ఒంటరి 27. ఒకే కబురులో 1, 27 పక్కపక్కన కనబడితేనే ఎడిటర్ దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుంది.

అంటే ఇక్కడ వేళ్లు చేయాల్సిన పనులు రెండు రకాలు. ఒక వేలు దిగి అలాగే ఉండాలి. ఇంకో వేలు దిగి లేవాలి. ఎక్స్‌ను కూడా పట్టుకుని కూర్చుంటే అదే పని మళ్లీ మళ్లీ జరిగిపోతుంది. రెండు పనులకూ 'నొక్కు' అనే ఒకే క్రియ వాడి, ఆ పైన ప్రత్యయాలతో తేడా చూపాలనుకోవడం దగ్గరే చిక్కు మొదలైంది.

దీనికి మందు మన డీటీపీ సెంటర్లలో ఎప్పటినుంచో ఉంది. శుభలేఖలు కంపోజ్ చేసే కుర్రాడు పక్కవాడికి ఎలా చెబుతాడో వినండి: "కంట్రోల్ పట్టుకో, ఎస్ కొట్టు." పట్టు, కొట్టు. పట్టింది చేతిలో ఉంటుంది. కొట్టింది కొట్టిన మరుక్షణం అయిపోతుంది. రెండు క్రియల్లో మొత్తం వ్యవహారం తేలిపోయింది. మైక్రోసాఫ్ట్ తన రచయితల కోసం పెట్టుకున్న శైలి నియమాల్లో కీల గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో 'హిట్', 'స్ట్రైక్' లాంటి మాటలు వద్దని, 'ప్రెస్' వాడమని ఉంది. ఆ భాషకు అది సబబే కావచ్చు. దాన్ని చూసి మనం తెలుగు మాన్యువళ్లన్నిటా 'నొక్కండి' నింపేశాం. టైపు మిషన్ల కాలం నుంచి జనం నోట నలిగిన 'కొట్టు'ను మోటుగా ఉందని పక్కన పెట్టాం. నా మట్టుకు నాకు 'కొట్టండి' మోటుగా లేదు. పత్రికాఫీసులోనైనా కోర్టు ముందు చెట్టుకిందైనా టైపు కొట్టారనే అన్నాం, అచ్చులో వేసుకోవడానికి ఇప్పుడు సిగ్గెందుకు?

కంట్రోల్ కీ అసలు ఎందుకు పుట్టిందో చూస్తే, ఎడిటర్ల మాన్యువళ్లలో కనిపించే సగం వింతలకు కారణం తెలుస్తుంది. 1963లో అమెరికాలో ఆస్కీ అనే సంకేతాల పట్టిక వచ్చింది. 7 బిట్లు, 128 స్థానాలు. వాటిలో 0 నుంచి 31 దాకా ఉన్నవీ, చివరిదైన 127 కంటికి కనబడే అక్షరాలు కావు. యంత్రాన్ని నడిపించే సంకేతాలు. గంట మోగించు, కాగితం జరుపు, క్యారేజీని మొదటికి తీసుకురా, ఇలాంటివి. టెలిటైపు మీద వీటన్నిటికీ విడి కీలు పెట్టే చోటు లేదు. అందుకని కంట్రోల్ పట్టి ఒక అక్షరం కొడితే, ఆ అక్షరం సంఖ్యలో పై రెండు బిట్లు సున్నా అయిపోయేట్టు ఏర్పాటు చేశారు. పెద్ద ఎక్స్ 88, చిన్న ఎక్స్ 120. పై బిట్లు తీసేస్తే రెండిటికీ మిగిలేది 24. కంట్రోల్‌తో కలిసినప్పుడు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటైపోవడం ఇందుకే.

ఇదే లెక్కన ఐ తొమ్మిదో అక్షరం కాబట్టి కంట్రోల్ పట్టి ఐ కొడితే 9, అదే ట్యాబ్. ఎమ్ పదమూడోది, 13 అంటే క్యారేజీ రిటర్న్, మన ఎంటర్. జెడ్ తర్వాత వచ్చే ఎడమ చదరపు బ్రాకెట్‌తో కలిపితే 27, ఎస్కేప్. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎక్స్ అనే కీ నంబరు 27 అని పైన అన్నాను. ఎస్కేప్ అనే సంకేతం కూడా 27. ఈ రెండు ఇరవై ఏళ్లకు ఒకసారి కలుసుకునే దూరపు చుట్టాలైనా కారు. మొదటిది ప్లాస్టిక్ మీటకు ఇచ్చిన ఇంటి నంబరు. రెండోది సంకేతాల పట్టికలో స్థానం. మీట వేరు, సంకేతం వేరు. ఈ తేడాను పట్టుకోని మాన్యువల్ ఎక్కడో ఒకచోట పాఠకుణ్ని తప్పుదారి పట్టించక మానదు.

పట్టించింది కూడా. టెర్మినళ్లలో కొన్నిటి మీద బ్యాక్‌స్పేస్ కీ సంకేతం 8ని పంపేది. 8 అంటే కంట్రోల్ పట్టి హెచ్. ఈమాక్స్‌లో అది సహాయం అడిగే ఆజ్ఞ. పాపం, ఒక తప్పు దిద్దుకుందామని వెనక్కి కొట్టినవాళ్ల ముందు సహాయం కిటికీ వచ్చి నిలబడేది. మరికొన్ని టెర్మినళ్లలో అదే కీ 127ను పంపేది. 127 పేరు డిలీట్. పేపరు టేపు రోజుల్లో తప్పుపడిన చోట ఏడు చిల్లులూ పొడిచేస్తే ఆ అక్షరం కొట్టివేసినట్టే. ఏడు బిట్లూ ఒకట్లైతే వచ్చేది 127. అందుకని ఈమాక్స్ మాన్యువల్‌లో 'డెల్' అని రాసి ఉంటే అది మీ కీబోర్డు మీద డిలీట్ అని రాసి ఉన్న కీ కాదు, బ్యాక్‌స్పేస్. ఆ పేరు మీటది కాదు, సంకేతానిది. ఇది తెలియనివాళ్లు డిలీట్ కొట్టి, వెనకది చెరగాల్సింది పోయి ముందున్నది చెరిగితే బిత్తరపోతారు. మ్యాక్ ల్యాప్‌టాప్‌ల మీదైతే వెనక్కి చెరిపే కీ మీదే డిలీట్ అని ఉంటుంది.

ఈమాక్స్ 1976లో ఎమ్ఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో మొదలైంది. టీకో అనే అంతకుముందరి ఎడిటర్ మీద అల్లిన మాక్రోల సంచి అది. దాన్ని పెంచి పోషించిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమాక్స్‌ను బయటికి తెచ్చారు, దాని మాన్యువల్‌నూ ఆయనే రాశారు. ఆ ప్రయోగశాల కీబోర్డుల మీద కంట్రోల్‌తోపాటు మెటా అనే కీ ఉండేది. ఆ తర్వాత వచ్చిన, 'స్పేస్ కెడెట్' అని పేరుబడ్డ కీబోర్డు మీద సూపర్, హైపర్ అనేవి కూడా ఉండేవి. ఆ కీబోర్డులు పోయాయి, మాన్యువల్‌లో మెటా మిగిలింది. ఎమ్-ఎక్స్ అని రాస్తారు. మెటా పట్టి ఎక్స్ కొట్టమని. ఇవాళ మన కీబోర్డు మీద ఆ పని ఆల్ట్ చేస్తుంది.

మెటా పని చేసే కీ ఏదీ లేనిచోట ఎస్కేప్ కొట్టి ఎక్స్ కొట్టాలి. గమనించారా? ఆల్ట్ అయితే పట్టాలి. ఎస్కేప్ అయితే కొట్టి వదిలేయాలి. కాగితం మీద గుర్తు మాత్రం ఒకటే, ఎమ్-ఎక్స్. ఈ రెండో దారి గురించి ఈమాక్స్ పాఠం మొదట్లోనే విడమరిచి చెబుతుంది: ఎస్కేప్‌ను నొక్కి, వదిలి, ఆ తర్వాతే రెండోది కొట్టమని. నాకు ఆ చిన్న మాట, 'వదిలి', చూస్తే గౌరవం కలుగుతుంది. రాసినవాళ్లు పాఠకుడి వేలిని మనసులో చూస్తూ రాశారు. మా బాబాయి కంట్రోల్‌తో చేసింది సరిగ్గా ఎస్కేప్‌తో చేయాల్సిన పనే.

మరో చిక్కు, వరస. సి-ఎక్స్, అంటే కంట్రోల్ పట్టి ఎక్స్, ఒక్కటే కొడితే ఏ పనీ జరగదు. ఈమాక్స్ ఎదురుచూస్తుంది, కాస్త ఆలస్యం చేస్తే తెర అడుగున సి-ఎక్స్ అని చూపిస్తూ, 'తర్వాత?' అన్నట్టు నిలబడుతుంది. ఇలాంటివాటికి ఇంగ్లీషులో 'ప్రిఫిక్స్ కీ' అని పేరు. ఉపసర్గ అన్నాను బాబాయితో. "ఇంకేం, ప్రహారం, ఆహారం, విహారం, సంహారం" అని అందుకున్నారు. ప్ర అన్న ఉపసర్గ ఒక్కటే వాక్యంలో నిలబడదు, పక్కన ధాతువు వస్తేనే అర్థం. సి-ఎక్స్ కూడా అంతే. పక్కన సి-ఎస్ వస్తే సేవ్, సి-ఎఫ్ వస్తే ఫైలు తెరవడం, సి-సి వస్తే ఎడిటర్ మూసేయడం.

ఉపసర్గ తర్వాత వచ్చేదానికి కంట్రోల్ ఉందా లేదా అన్నది చూసి తీరాలి. సి-ఎక్స్ ఓ అంటే పక్క కిటికీలోకి వెళ్లమని. సి-ఎక్స్ సి-ఓ అంటే కర్సర్ దగ్గరున్న ఖాళీ వరసలు తీసేయమని. తేడా ఒక్కటే: ఎక్స్ కొట్టాక చిటికెనవేలు కంట్రోల్ మీంచి లేచిందా లేదా. పక్క కిటికీకి పోదామనుకున్న మనిషి వేలు తీయడం మరిచిపోతే పద్యాల మధ్య వదిలిన ఖాళీలు మాయమవుతాయి. సి-ఎక్స్ యు అంటే చేసినది వెనక్కి తీసుకో అని. సి-ఎక్స్ సి-యు అంటే ఎంచుకున్న భాగాన్నంతా పెద్దక్షరాల్లోకి మార్చు అని. ఈ రెండో ఆజ్ఞ కొత్తవాళ్లను గాభరా పెడుతుందని ఈమాక్స్ దాన్ని ముందుగానే ఆపి ఉంచుతుంది, అడిగి ఒప్పుకుంటేగానీ చేయదు. తెలుగు రాతకు మాత్రం దానితో ఏ గండమూ లేదు, మన లిపిలో పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు కదా.

లేకపోవడం వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది. ఈమాక్స్ రాతలో చిన్న ఎస్ పక్కన గీత పెడితే సూపర్ కీ, పెద్ద ఎస్ పక్కన గీత పెడితే షిఫ్ట్. తెలుగులో రెండూ 'ఎస్-' అవుతాయి. ఇలాంటిచోట పొడి గుర్తులను లిప్యంతరం చేసి చేతులు దులుపుకుంటే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. పూర్తి పేరు రాయాలి. విమ్ ఎడిటర్ మాన్యువల్‌ది ఇంకో దారి. అక్కడ కంట్రోల్ పక్కన వచ్చే అక్షరాన్ని పెద్దదిగా రాస్తారు, కానీ షిఫ్ట్ పట్టనక్కర్లేదు. కంట్రోల్ లేకుండా ఒంటరిగా వస్తే మాత్రం చిన్న డి ఒక ఆజ్ఞ, పెద్ద డి ఇంకో ఆజ్ఞ. ఒకే పుస్తకంలో పెద్దక్షరానికి రెండు అర్థాలు. ఈ సంగతి గుర్తుల పట్టికలో చెప్పారు నిజమే. పట్టిక చదివి ఎవరు మొదలుపెడతారు? పని ఆగిపోయినప్పుడు ఏదో ఒక పేజీ తెరుస్తాం, అక్కడున్న వాక్యమే దిక్కు.

ఆ వాక్యం చివర పెట్టే చుక్క కూడా ప్రమాదమే. విమ్‌లో, దాని పూర్వీకుడైన వి-ఐలో, డి రెండుసార్లు కొడితే కర్సర్ ఉన్న వరస చెరుగుతుంది. చుక్క కొడితే ఇంతకుముందు చేసిన పనే మళ్లీ జరుగుతుంది. ఇప్పుడు ఒక రచయిత, వాక్యం ముగిసింది కదా అని ఆ రెండు డిల పక్కన ఫుల్‌స్టాప్ పెట్టి, దాన్ని కూడా ఉల్లేఖన చిహ్నాల లోపలే ఉంచాడనుకోండి. చెప్పింది చెప్పినట్టు చేసే పాఠకుడి ఫైల్లోంచి ఒక వరసకు బదులు రెండు పోతాయి. ప్రోగ్రామర్ల పాత పదకోశం 'జార్గన్ ఫైల్'లో ఈ ఉదాహరణ ఉంది; అమెరికన్ అచ్చు సంప్రదాయం చుక్కను లోపల పెట్టమన్నా వాళ్లు బయట పెట్టడానికి ఇదే కారణం.

మనకు చుక్క కంటే ముందు విభక్తి వస్తుంది. ఇంగ్లీషులో కీ పేరు విడిగా నిలబడుతుంది. తెలుగులో ను, తో, కి వెంటనే వచ్చి అతుక్కుంటాయి. "ఎస్‌తో సేవ్ అవుతుంది" అంటే కొట్టాల్సింది ఎక్కడ ముగిసింది, వ్యాకరణం ఎక్కడ మొదలైంది? ఇది తేల్చడానికి గ్నూ మాన్యువళ్లు రాసే టెక్సిన్‌ఫో అనే పద్ధతి ఒక దారి చూపిస్తుంది. అందులో పాఠకుడు కొట్టాల్సిన దానికి ఒక ముద్ర, పేరున్న కీకి వేరే ముద్ర వేసి రాస్తారు. అచ్చులో అవి మామూలు అక్షరాలకంటే భిన్నంగా కనిపిస్తాయి. వెబ్ పేజీల భాషలోనూ కీబోర్డు మీద కొట్టేదానికి విడి ముద్ర ఉంది. ముద్ర లోపలున్నది వేలికి, బయటున్నది కంటికి. నేను దీనికి తోడు విభక్తిని కీ పేరుకు అంటనీయను. ఎస్‌ను అనకుండా 'ఎస్ కీని' అంటాను. మాట ఒకటి పెరుగుతుంది, ఫరవాలేదు.

ఇంతసేపూ కీబోర్డు ఇంగ్లీషులో ఉందనుకుని మాట్లాడాను. తెలుగులోకి మార్చగానే కథ మారుతుంది.

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఖరారు చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో క కి కె కీ, త కి ఎల్ కీ, ర కి జె కీ, స కి ఎమ్ కీ. డి కీ మీద ఉండేది పొల్లు. ఇప్పుడు విమ్ మాన్యువల్ తీసి "డి రెండుసార్లు కొట్టండి" అన్నచోట వేలు పెట్టండి. కంప్యూటరు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంది. వేలు డి మీట మీదే పడింది. విమ్‌కు చేరింది మాత్రం రెండు పొల్లులు. అది వాటిని ఎరగదు. వరస చెరగలేదు. పాఠకుడు మాన్యువల్ చెప్పిన మీటే కొట్టాడు, విమ్ తనకు చెప్పిన సంకేతం కోసమే చూసింది, ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. వాక్యంలో 'డి' అంటే మీటా, సంకేతమా అన్నది రాయలేదు, అంతే. విమ్‌లో దీనికి విరుగుడు ఉంది. కీమ్యాప్ అనే అమరికతో రాతకు తెలుగు, ఆజ్ఞలకు ఇంగ్లీషు అని విడగొట్టుకోవచ్చు. ఈమాక్స్‌లోనూ సి-బ్యాక్‌స్లాష్ కొడితే దాని సొంత తెలుగు అమరిక వస్తుంది, కంట్రోల్ ఆజ్ఞలు మాత్రం ఎప్పటిలా పనిచేస్తూనే ఉంటాయి. బాబాయికి ఈమాక్స్ పెట్టిచ్చింది అందుకే.

ఈ తేడా మన ఒక్కరిదే కాదు. జర్మన్ కీబోర్డు మీద వై, జెడ్ చోట్లు మార్చుకుని ఉంటాయి. అందుకే వెబ్ ప్రమాణాలు రాసినవాళ్లు కీబోర్డు కబురుకు రెండు పేర్లు ఇచ్చారు: 'కీ' అంటే వచ్చిన అక్షరం, 'కోడ్' అంటే కీబోర్డు మీద మీట ఉన్న చోటు. పేర్లు కాస్త తారుమారుగా పెట్టారని నాకనిపిస్తుంది, మీటను కీ అనే మనకు మరీను. కానీ ఆటలో నాలుగు దిక్కులకూ కదిలించేటప్పుడు చోటు ముఖ్యం, అన్‌డూ చేసేటప్పుడు అక్షరం ముఖ్యం అని వాళ్లు గుర్తించారు. మాన్యువల్ రాసేవాళ్లు కూడా ప్రతి వాక్యం దగ్గరా ఆ ప్రశ్న వేసుకోవాలి.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట, అక్షరం.

బాబాయి నోట్సులో 'స్త్రీ' అన్న మాట ఉంది. బళ్లో చెప్పినట్టు లెక్కపెడితే అది ఒక్క అక్షరం. ఛందస్సులో ఒక్క గురువు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. అందులో స్త్రీకి ప్రత్యేకంగా స్థానమేమీ లేదు. స 3128, పొల్లు 3149, త 3108, మళ్లీ పొల్లు 3149, ర 3120, గుడి దీర్ఘం 3136. ఆరు సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఫైల్లో దాచితే ఒక్కోదానికి 3 బైట్లు చొప్పున 18 బైట్లు. ఇన్‌స్క్రిప్ట్‌లో కొడితే ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్, ఆరు దెబ్బలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఐట్రాన్స్ పద్ధతిలో ఎస్, టి, ఆర్, షిఫ్ట్ పట్టి ఐ, నాలుగే దెబ్బలు. కర్సర్‌ను బాణం కీతో జరిపితే ఒక్క గెంతులో దాటేస్తుంది. ఒకటి, ఆరు, పద్దెనిమిది, నాలుగు. 'ఒక అక్షరం' అన్న మాట వీటిలో దేన్ని చెబుతోంది?

వెనక్కి కొట్టి చూడండి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే స్త్రీ పోదు. గుడి దీర్ఘం ఒక్కటే పోయి 'స్త్ర' మిగులుతుంది. ఇంకోసారి కొడితే 'స్త్'. మళ్లీ కొడితే పొల్లు పోయి 'స్త'. తర్వాత 'స్'. తర్వాత 'స'. ఆరో దెబ్బకు ఏమీ మిగలదు. అదే ఇటీవలి ఈమాక్స్‌లలో కర్సర్‌ను స్త్రీ ముందు పెట్టి డిలీట్ కొడితే ఒక్క దెబ్బకు మొత్తం పోతుంది. ఇది లోపం కాదు, ఆలోచించి చేసిన ఏర్పాటు. రాస్తూ రాస్తూ తప్పుపడిన మనిషి ఒత్తో దీర్ఘమో దిద్దుకుంటే చాలు, అక్షరమంతా మళ్లీ కట్టనక్కర్లేదు. ముందువైపు చెరిపేవాడికి అప్పటికే పూర్తయిన అక్షరం కనిపిస్తోంది, దాన్ని ముక్కలు చేస్తే పొల్లులు అనాథల్లా మిగిలిపోతాయి.

కిందటి నెల తెనాలి వెళ్లినప్పుడు, రాసుకెళ్లిన కాగితం ఒకటి బాబాయికి ఇచ్చాను. 'నొక్కి' అన్నచోటల్లా 'పట్టి' అని, 'కొట్టండి' అని మార్చాను. ఎక్కడ కంట్రోల్ వదలాలో అక్కడ 'వదిలి' అని రాశాను. సేవ్ చేయడానికి రాసిన వాక్యం ఇది: కంట్రోల్ పట్టి ఎక్స్ కొట్టండి, కంట్రోల్ వదలకుండానే ఎస్ కొట్టండి. పక్క కిటికీకి వెళ్లడానికి: కంట్రోల్ పట్టి ఎక్స్ కొట్టండి; కంట్రోల్ వదిలి ఓ కొట్టండి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వరసా చదువుతూ, చదివినట్టే కొడుతూ పోయారు. ఎక్కడా ఆగలేదు. చివర బ్యాక్‌స్పేస్ గురించి రాసిన వరస దగ్గర మాత్రం రెండుసార్లు కొట్టి చూసి, పెన్సిల్ అడిగారు.

'ఒకసారి కొడితే ఒక అక్షరం చెరుగుతుంది' అని ఉంది అక్కడ. 'ఒక అక్షరం' మీద నిలువునా గీత కొట్టి, పైన గుండ్రటి చేతిరాతలో 'చివర చేర్చింది' అని రాశారు.